డ్రాగన్ ఫ్రూట్: తోటలో చీమను ఆపితే మార్కెట్‌లో ధర నిలుస్తుంది
మిత్ర పురుగులు, తక్కువ విషపు మందులు కలిపి వాడే పద్ధతి - వర్తకులకు ఒక పాఠం

మేడ్చల్: డ్రాగన్ ఫ్రూట్ కొనే వర్తకులు సాధారణంగా కాయ రంగు, బరువు, పొలుసుల పచ్చదనం చూసి బేరం కుదుర్చుకొంటారు. ఈ మూడూ బాగున్న సరకు కూడ పెట్టెలో రెండు మూడు రోజులు ఉండేసరికి మెత్తబడడం, పొలుసుల సందుల్లో తెల్లని పిండి కనబడడం, కోస్తే లోపల పురుగు తేలడం కద్దు. అప్పుడు సరకు వెనక్కి వస్తుంది, లేదా సగం ధరకు వదిలించుకోవలసి వస్తుంది. ఇందుకు కారణం మార్కెట్‌లో లేదు, తోటలో ఉన్నది. పూవు విరిసిన నాటి నుంచి కోత వరకు గల 30, 35 రోజులలో చీడపురుగులను ఏ విధంగా అదుపు చేశారన్న దానిపైనే సరకు నిలవ, ధర ఆధారపడి ఉంటాయి.

పురుగు కనబడగానే ఘాటైన మందు చల్లితే పని తీరిపోతుందన్న నమ్మకం ఈ పంట విషయంలో రెండు విధాల నష్టం తెస్తుంది. మైనపు పూత గల పురుగు పూర్తిగా చావదు. మందు అవశేషం మాత్రం పండు మీద మిగులుతుంది. దీనికి బదులు మిత్ర పురుగులను, తక్కువ విషం గల మందులను ఒక వరుసలో కలిపి వాడే పద్ధతి ఉన్నది. తోటదారుకు సీజనుకు ముందు బయానా ఇచ్చే వర్తకుడు, ఆ పద్ధతి ఏమిటో తెలుసుకోకుండా డబ్బు పెట్టడం చీకటిలో బేరం ఆడడం వంటిదే.

ద్రాక్ష పందిళ్ల నేలలో జెముడు స్తంభాలు

మేడ్చల్, శామీర్‌పేట అనగానే పాత వర్తకులకు ద్రాక్షే గుర్తుకు వస్తుంది. 1890 ప్రాంతంలో హైదరాబాదులో అబ్దుల్ బాఖర్ ఖాన్ సాగులోకి తెచ్చిన అనాబ్-ఎ-షాహి రకం నగర శివార్ల ఎర్ర నేలల్లో పందిళ్లు పరచుకొన్నది. ఆ తరువాత థాంసన్ సీడ్‌లెస్ వచ్చింది. నగరం పెరిగి, భూములు ప్లాట్లుగా మారి, బోర్లు అడుగంటి ఆ పందిళ్లలో అధిక భాగం కనుమరుగైన సంగతి విదితమే. ఈ ప్రాంతాలతో పాటు నగరం చుట్టుపక్కల జిల్లాలలో కొందరు రైతులు తక్కువ నీటితో పండే డ్రాగన్ ఫ్రూట్ వైపు మొగ్గారు.

ఇది నాగజెముడు కుటుంబానికి చెందిన పాకే మొక్క. సిమెంటు స్తంభానికి నాలుగేసి మొక్కలు నాటి, పైన చక్రం మీదుగా కొమ్మలను వేలాడదీస్తారు. ఎకరాకు సుమారు 400 నుంచి 500 స్తంభాలు పడతాయి. పూవు రాత్రి విరిసి, తెల్లవారి ఎండ ఎక్కేసరికి వాడిపోతుంది. మన వైపు జూన్ నుంచి నవంబర్ వరకు విడతలు విడతలుగా కాపు వస్తుంది. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం ఈ పండుకు ‘కమలం’ అని పేరు పెట్టింది. అదే సంవత్సరం జూన్‌లో మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా సరకు దుబాయికి, ఆగస్టులో గుజరాత్, పశ్చిమ బెంగాల్ సరకు లండన్, బహ్రెయిన్‌లకు ఎగుమతి అయింది. అంటే వియత్నాం నుంచి దిగుమతి చేసుకొని అమ్మిన పండు, మన తోటల నుంచి బయటికి పోగల పండు అయినది. బయటికి పోయే సరకుకు పరీక్షలు కూడ అంతే గట్టిగా ఉంటాయి.

పురుగు వెనుక పురుగు

ఈ పంటను ఆశించే వాటిలో వర్తకుడు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి మూడు: చీమలు, పిండినల్లి, పండు ఈగ. పొలుసు పురుగులు, పేనుబంక, తామర పురుగులు కూడ రావచ్చు గాని సరకును వెనక్కి పంపేవి ఎక్కువగా మొదటి మూడే.

పిండినల్లి దూది పింజవలె తెల్లగా ఉండి, ముళ్ల మొదళ్లలోను, కాయ పొలుసుల సందుల్లోను దాగి రసం పీలుస్తుంది. పీల్చిన దానిలో మిగులు తియ్యటి బంకగా బయటికి వదులుతుంది. ఆ బంక మీద నల్లని మసి తెగులు పెరిగి కాయ మురికిగా కనిపిస్తుంది. చీమలు ఈ తియ్యటి బంక కోసమే వస్తాయి. ఊరికే వచ్చి తిని పోవు. తమకు తిండి పెట్టే పిండినల్లికి కాపలా కాస్తాయి. దానిని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను, ఇతర మిత్ర పురుగులను తరిమివేస్తాయి. పాలిచ్చే గేదెను రైతు కాపాడుకొన్నట్లే చీమ పిండినల్లిని కాపాడుకొంటుంది. అందువల్ల చీమ ఉన్న తోటలో మిత్ర పురుగులను ఎన్ని కొని విడిచినా డబ్బు వృధాయే. ఈ పద్ధతిలో మొదటి పని పిండినల్లిని చంపడం కాదు, దాని కాపలాదారును తొలగించడం.

ముందు చీమ

చీమ నేల మీది పుట్ట నుంచి కొమ్మల మీదికి ఎక్కవలసినది ఒక్క స్తంభం మీదుగానే. ద్రాక్ష పందిరికి, మామిడి చెట్టుకు లేని సౌకర్యం ఇది. స్తంభం చుట్టూ, దానికి ఆనుకొన్న కాండాలకు ప్లాస్టిక్ పట్టీ చుట్టి, ఆ పట్టీ మీద జిగురు పూస్తే దారి మూతపడుతుంది. జిగురును నేరుగా కాండం మీద పూయరాదు; పచ్చటి కాండం కమిలిపోతుంది. నేలకు తగిలే కొమ్మలను, స్తంభానికి ఆనే కలుపును కత్తిరించకపోతే అవే వంతెనలవుతాయి.

రెండవ ఉపాయం ఎర. పంచదార నీళ్లలో నూటికి ఒక వంతు, లేదా అంతకన్న తక్కువ, బోరిక్ పౌడరు కలిపి చిన్న మూత గల డబ్బాలలో స్తంభాల మొదట ఉంచుతారు. మోతాదు ఎక్కువైతే మోసుకుపోయే చీమ దారిలోనే చస్తుంది, పుట్ట బ్రతికే ఉంటుంది. తక్కువగా ఉంటే చీమ దానిని పుట్టలోకి చేరవేస్తుంది. మందు నేల మీద చల్లితే కనబడిన చీమ చస్తుంది. ఎరతో పుట్ట చస్తుంది. రెంటికీ గల తేడా అదే. ఎర డబ్బాలను పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

ఈ పని ఏప్రిల్, మే నెలల్లో, పూత రాకముందే జరగాలి. కాపు మధ్యలో మొదలుపెడితే ఫలితం వచ్చేసరికి మొదటి రెండు విడతల సరకు మార్కెట్‌కు వెళ్లిపోతుంది.

తరువాత సబ్బు, ఆపైన అక్షింతల పురుగు

పిండినల్లి ఒంటి మీది మైనం నీటిలో కలిపిన మందును దగ్గరికి రానీయదు. ఘాటైన మందులు కూడ దానిని పూర్తిగా అణచలేకపోవడానికి ఇదే కారణం. మైనాన్ని కరిగించేవి సబ్బు, నూనె. చేప నూనె, రోజనాలతో చేసిన సబ్బును లీటరు నీటికి 25 గ్రాముల చొప్పున ద్రాక్ష తోటల్లో వాడిన అనుభవం ఈ ప్రాంతానికి ఉన్నది. వేపనూనె అయితే లీటరుకు 5 మిల్లీలీటర్లు, కలియడానికి కొద్దిగా సబ్బు. ఒత్తిడిగా నీరు కొట్టి మొదట పురుగును రాల్చి, ఆ తరువాత పిచికారీ చేస్తే మందు సగం సరిపోతుంది.

ఇక్కడ జెముడు మొక్కకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉన్నది. ఇది పగలు ఆకురంధ్రాల వంటి తన రంధ్రాలను మూసుకొని రాత్రి తెరిచే జాతి. మధ్యాహ్నపు ఎండలో సబ్బు గాని నూనె గాని పడితే కాండం మీద మచ్చలు పడతాయి. సాయంత్రం చల్లబడిన తరువాతనే చల్లాలి. ముందుగా రెండు మూడు స్తంభాల మీద చూచి ఆ పైన తోటంతా చల్లాలి. అయితే పూవు విరిసే సాయంత్రాలలో చల్లరాదు. రాత్రి రెక్కల పురుగులు, తెల్లవారుజామున తేనెటీగలు పూవు మీద వాలుతాయి. అవి చస్తే కాయ కట్టదు. మొగ్గ దశలోనో, పూవు వాడిన తరువాతనో చల్లడం శ్రేయస్కరం.

సబ్బుతో పురుగు ఉధృతి తగ్గిన కొద్ది రోజులకు మిత్ర పురుగును విడుస్తారు. దీని పేరు క్రిప్టోలీమస్. నల్లని రెక్కలు, నారింజ రంగు తల గల చిన్న అక్షింతల పురుగు. ఆస్ట్రేలియాకు చెందిన దీనిని 1898లోనే కాఫీ తోటల్లోని పొలుసు పురుగును అణచడానికి మన దేశానికి తెచ్చారు. 1980లలో బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ద్రాక్ష పిండినల్లి మీద దీనిని పరీక్షించి, హెక్టారుకు 5,000 పురుగుల చొప్పున సిఫారసు చేశారు. మేడ్చల్ ద్రాక్ష రైతులకు నల్లద్రాక్ష ఎంత తెలుసో ఈ పిండినల్లీ అంత తెలుసు. పంట మారినా శత్రువు స్వభావం మారలేదు.

ఈ మిత్ర పురుగును ప్రయోగశాలలో గుమ్మడికాయల మీద పెంచుతారు. గుమ్మడికాయకు పిండినల్లిని ఎక్కించి, దాని మీద అక్షింతల పురుగును వదిలి గుడ్లు పెట్టిస్తారు. ఖర్చు పెద్దది కాదు గాని ముందుగా చెప్పి ఉంచుకోవాలి. పురుగు కనబడిన నాడు కబురు పెడితే మరునాడు చేతికి అందే సరకు కాదు ఇది.

తోట పనివారికి తప్పక చూపించవలసిన విషయం మరొకటి. క్రిప్టోలీమస్ పిల్ల పురుగు కూడ ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లి వలెనే ఉంటుంది. పరిమాణంలో పెద్దదిగా ఉండి చురుకుగా కదలడమే ఆనవాలు. తెలియక ‘పెద్ద పిండినల్లి’ అని దానినే ఏరి చంపిన తోటలో విడిచిన డబ్బంతా మట్టిపాలవుతుంది.

వర్షాకాలంలో గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు వర్టిసిల్లియం లెకాని పేరుతో దొరికే శిలీంధ్రపు పొడి కూడ పనిచేస్తుంది. లీటరుకు 5 గ్రాముల వంతున సాయంత్రం చల్లుతారు. అది పురుగు ఒంటి మీద మొలిచి దానిని చంపుతుంది. కాండం కుళ్లుకు వాడే రాగి మందులతో దీనిని కలిపితే రాగి ఈ శిలీంధ్రాన్నే చంపివేస్తుంది. రెంటి మధ్య కొన్ని రోజుల ఎడం ఉండాలి. మే నెల ఎండలో చల్లినా ప్రయోజనం లేదు.

పండు ఈగకు మూడు తాళాలు

పిండినల్లి కంటికి కనబడే దొంగ. పండు ఈగ కనబడని దొంగ. పండుతున్న కాయ తొక్క కింద సూదితో పొడిచినట్లు గుడ్లు పెట్టి పోతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పొదిగి పురుగు గుజ్జులోకి దిగుతుంది. కొన్న నాడు కాయ నిగనిగలాడుతూ ఉంటుంది; చిల్లర వర్తకుని దుకాణం చేరేసరికి లోపల కుళ్లు. ఈ నష్టం ఎవరిదన్న తగవు అక్కడ మొదలవుతుంది.

దీనికి మొదటి తాళం మిథైల్ యూజినాల్ ఎర. సారాయి 6 పాళ్లు, మిథైల్ యూజినాల్ 4 పాళ్లు, మలాథియాన్ 1 పాలు కలిపిన దానిలో ప్లైవుడ్ ముక్కను నానబెట్టి, చిల్లులు గల సీసాలో వేలాడదీస్తారు. మామిడి తోటల వారికి ఇది తెలిసినదే. మందు సీసాలోనే ఉంటుంది, పండును తాకదు. కాని ఈ వాసనకు మగ ఈగలే వస్తాయి. అప్పటికే జతకట్టిన ఆడ ఈగ దర్జాగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. సీసాలో ఈగలు కుప్పలుగా పడుతున్నాయని తోటదారు చూపిస్తే అది విజయానికి గుర్తు కాదు, ఈగ ఎక్కువగా ఉన్నదనడానికి గుర్తు కావచ్చు.

రెండవ తాళం పారిశుధ్యం. రాలిన కాయ, పక్షి పొడిచిన కాయ, ముగ్గి వదిలేసిన కాయ ప్రతిరోజు ఏరి రెండడుగుల లోతున పాతిపెట్టాలి, లేదా పాలిథిన్ సంచిలో మూతికట్టి ఎండలో ఉంచాలి. పురుగు కాయ నుంచి నేలలోకి దిగి అక్కడే కోశస్థ దశ గడిపి ఈగగా లేస్తుంది. కనుక గట్టు మీద పారవేసిన ఏరుకాయల కుప్ప వచ్చే విడతకు ఈగల కార్ఖానా. ఏ ఖర్చూ లేని ఈ పనే తోటల్లో అన్నిటికన్న ఎక్కువగా అశ్రద్ధకు గురి అవుతుంది.

మూడవ తాళం సంచి. పూరేకులు వాడి ఎండిన తరువాత వాటిని తీసివేసి కాయకు సంచి తొడిగితే ఈగకు దారి లేదు, పక్షికీ లేదు. దీనికి కూలీ ఖర్చు ఉన్నది. ఎప్పుడు గిట్టుబాటు అవుతుందో కింద లెక్కలో చూడవచ్చు.

డబ్బా మీది త్రిభుజం

మందు డబ్బా మీద రంగు త్రిభుజం ఉండడం అందరూ చూచినదే. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద 1971లో చేసిన నిబంధనలు ఈ గుర్తులను ఏర్పరచాయి. ఎరుపు, పసుపు త్రిభుజాల డబ్బా తోట షెడ్డులో కనబడితే బేరానికి ముందే ప్రశ్న వేయడం వర్తకుని హక్కు. పాతవారికి ‘నువాన్’గా పరిచయమైన డైక్లోర్‌వాస్ 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషిద్ధం. ఎక్కడో మూల మిగిలిన సీసా అయినా వాడరాదు.

ఆకుపచ్చ త్రిభుజం ఉన్నంత మాత్రాన ఎప్పుడైనా ఎంతైనా చల్లవచ్చునని కాదు. మట్టి సూక్ష్మజీవి నుంచి తీసే స్పైనోసాడ్ మనిషికి విషం తక్కువైనదే, కాని తడి ఆరక ముందు తేనెటీగకు ప్రాణాంతకం. వేపనూనె కూడ అతిగా చల్లితే మిత్ర పురుగుల పిల్లలను బాధిస్తుంది.

అవశేషాల లెక్క వర్తకులు ఒకసారి మనసుకు పట్టించుకోవడం మంచిది. ఒక పంటకు ఒక మందు విషయంలో ప్రత్యేక పరిమితి నిర్ణయించకపోతే మన ఆహార భద్రతా నిబంధనలలోను, యూరప్ నిబంధనలలోను సాధారణంగా వర్తించే హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే 100 టన్నుల సరకులో ఒక్క గ్రాము. కొత్త పంటలకు ప్రత్యేక పరిమితులు కొద్దిగానే ఉంటాయి కనుక ఈ చిన్న హద్దే ఎక్కువగా తగులుతుంది. వియత్నాం డ్రాగన్ ఫ్రూట్ 2019 నాటి యూరప్ నిబంధన కింద పురుగుమందుల అవశేషాల కోసం అదనపు తనిఖీల జాబితాకు ఎక్కింది. ప్రపంచంలో ఈ పండుకు పేరుపొందిన దేశానికే ఆ గతి పట్టినప్పుడు కొత్తగా అడుగు పెడుతున్న మన సరకు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2010లో మన ద్రాక్ష క్లోర్‌మెక్వాట్ అనే పెరుగుదల నియంత్రకం అవశేషాల కారణంగా యూరప్‌లో పెద్దయెత్తున చిక్కుకొన్న సంగతి ద్రాక్ష వ్యాపారం చేసినవారు మరువలేదు.

నాగజెముడు నేర్పిన పాఠం

జెముడు మీద జీవ నియంత్రణకు మన దేశంలో రెండు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. అది ఒక వ్యాపారపు పొరపాటుతో మొదలైంది. కార్మిన్ అనే ఎర్రరంగు జెముడు మీద పెరిగే కొచినీల్ పురుగు నుంచి వస్తుంది. ఆ వ్యాపారం స్పెయిన్ గుప్పిట్లో ఉండగా, ఈస్టిండియా కంపెనీ దానిని భారతదేశంలో పండించదలచింది. 1795లో బ్రెజిల్ నుంచి పురుగును తెప్పించారు. తీరా అది మేలిరంగు ఇచ్చే జాతి కాదు, దాని అడవి బంధువు. రంగు రాలేదు, పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును తినివేసింది. నష్టం వచ్చిన ఆ బేరమే కలుపును పురుగుతో అణచవచ్చునని లోకానికి తెలిపింది. 1926లో మరొక జాతి కొచినీల్‌ను తెచ్చి, దక్షిణాది బీళ్లలో అల్లుకుపోయిన నాగజెముడు మీద ఉద్దేశపూర్వకంగానే విడిచారు. పాతకాలపు వారు చెప్పే నాగజెముడు డొంకలు మాయం కావడానికి కారణం అదే.

నాడు మిత్రుడైన ఆ రెండవ పురుగే మరొక చోట శత్రువు అయింది. మొరాకోలో ముళ్లజెముడు పండ్లకు, పశుగ్రాసానికి పండించే పంట. అక్కడ 2014లో కనబడిన ఈ కొచినీల్ ఊళ్లకు ఊళ్లు తోటలను ఎండగొట్టింది. ఇస్రాయెల్‌లో 2013లో కనబడింది. అక్కడివారు మెక్సికో నుంచి దాని సహజ శత్రువులైన ఒక అక్షింతల పురుగును, ఒక ఈగను తెప్పించి విడిచారు. మన దేశంలో కూడ ముళ్లు లేని జెముడును మెట్ట భూముల్లో పశుగ్రాసంగా పెంచాలన్న ఆలోచనను 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ భూవనరుల శాఖ ముందుకు తెస్తున్నది. ఒకనాడు కలుపుగా చంపిన దానిని రేపు పంటగా పెంచితే, నాడు విడిచిన పురుగు మరల లెక్కలోకి వస్తుంది.

నారు, కొమ్మ ముక్కలు అమ్మే నర్సరీలకు ఇందులో హెచ్చరిక ఉన్నది. పిండినల్లి, పొలుసు పురుగు ఊరి నుంచి ఊరికి ప్రయాణించేది ఎక్కువగా కొమ్మ ముక్కల మీదనే. మేడ్చల్ రహదారి, రాజీవ్ రహదారి వెంట గల నర్సరీలలో కుండీ జెముళ్లు కొనేవారు వేళ్లు కూడ దులిపి చూడాలి; వేరు పిండినల్లి మట్టిలోనే దాగి ఉంటుంది. కొత్త మొక్కలను కొన్ని వారాలు వేరుగా ఉంచి, స్పిరిట్‌లో ముంచిన దూదితో పురుగు ఉన్న చోట తుడిచి, ఆ తరువాతనే మిగతా వాటితో కలపడం మంచిది.

గిట్టుబాటు లెక్క

పద్ధతి మంచిదే, ఖర్చు ఎవరు భరిస్తారన్నది మార్కెట్ ప్రశ్న. లెక్క సులభం. లెక్క సౌలభ్యానికి కిలో ధర 100 రూపాయలనీ, సంచి, ఎరలు, కూలీ కలిసి కిలోకు 4 రూపాయల అదనపు ఖర్చు అనీ అనుకొందాం. 1,000 కిలోల లాటుకు అదనపు ఖర్చు 4,000 రూపాయలు. తీసివేత సరకు నూటికి 4 కిలోలు తగ్గితే ఆ ఖర్చు తీరిపోతుంది. 4 కన్న ఎంత ఎక్కువ తగ్గితే అంత లాభం. ఇదివరకు నూటికి 10 పోయేది 3కు దిగితే 7,000 రూపాయల సరకు మిగిలినట్లు. ఖర్చు పోను 3,000 నికరం.

అదే విడతలో రాబడి ముమ్మరమై ధర 50కి పడిపోయిందనుకొందాం. ఇప్పుడు అదే 4 రూపాయలు తీరాలంటే తీసివేత నూటికి 8 కిలోలు తగ్గాలి. అంటే ధర దిగినప్పుడు సంచి గిట్టక పోవచ్చు. కనుక అన్ని విడతలకూ ఒకే పద్ధతి పనికిరాదు. చీమ పట్టీ, బోరిక్ ఎర, రాలిన కాయల ఏరివేత చౌక పనులు. ఇవి ఏ ధరకైనా గిట్టుతాయి. సంచి తొడగడం మంచి ధర ఆశించే విడతలకు, దూరపు మార్కెట్లకు పంపే సరకుకు గిట్టుతుంది. తోటదారుతో సీజను ఒప్పందం కుదుర్చుకొనేటప్పుడు ఈ రెండు రకాల ఖర్చులను విడదీసి మాట్లాడుకొంటే తగవులు తగ్గుతాయి.

ఈ లెక్కలోకి రానిది ఒకటి ఉన్నది. ఈగ కాటు పడిన ఒక్క కాయ పెట్టెలో కారి పక్క కాయలను కూడ పాడుచేస్తుంది. అవశేషాల పరీక్షలో తప్పితే పోయేది నూటికి నాలుగో పదో కాదు, లాటు మొత్తం.

సరకు చూసేటప్పుడు

2022లో గడ్డిఅన్నారం నుంచి బాటసింగారానికి తరలిన పండ్ల మార్కెట్‌కు సరకు తెచ్చేవారు, తోట వద్దనే కొనేవారు ఈ కింది పరీక్షలు అలవాటు చేసుకొంటే ప్రయోజనం ఉంటుంది.

ఒకటి: కాయ పొలుసును కొద్దిగా వంచి మొదట చూడాలి. తెల్లని దూది, నల్లని మసి ఉంటే పిండినల్లి ఉన్నట్లే. చీమలు పెట్టెలోనే తిరుగుతుంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

రెండు: సూది మొన పాటి మచ్చ, దాని చుట్టూ నీరు పట్టినట్లు మెత్తని వలయం ఈగ కాటుకు గుర్తు. అనుమానం ఉన్న నాలుగైదు కాయలను వేరే పెట్టెలో రెండు మూడు రోజులు ఉంచి కోసి చూస్తే లాటు సంగతి తెలుస్తుంది. పెద్ద లాటుకు ఈ ఆలస్యం నష్టం కాదు.

మూడు: తోటలో మందుల చీటీ అడగాలి. ఏ మందు, ఏ తేదీన, ఏ స్తంభాలకు చల్లారో రాసి ఉంచే తోటదారు సరకుకు కిలోకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. చివరి పిచికారీకి, కోతకు మధ్య డబ్బా మీద రాసిన గడువు గడిచిందా లేదా అన్నది చూడాలి.

నాలుగు: కొనుగోలు చీటీలో ఒక్క వాక్యం చేర్చాలి: పూవు విరిసిన నాటి నుంచి కోత వరకు ఎరుపు, పసుపు త్రిభుజాల మందులు వాడరాదు. బయానాతో పాటు మందులు కూడ ఖాతా మీద ఇచ్చే కమీషన్ వర్తకులకు ఇది మరీ ముఖ్యం. తాము ఇచ్చిన డబ్బాయే తమ సరకును వెనక్కి తెచ్చే పరిస్థితి రాకూడదు.

ఐదు: ఎగుమతికి ఉద్దేశించిన లాటుకు గుర్తింపు గల ప్రయోగశాలలో అవశేషాల పరీక్ష కోతకు ముందే చేయించాలి. కోసిన తరువాత ఫలితం తెలిస్తే పండును చెట్టుకు తిరిగి అతికించలేము. అమెరికా వంటి దేశాలకు పండు ఈగ విషయంలో వేరే శుద్ధి కూడ కావాలి. వియత్నాం పండును 2008లో అక్కడికి అనుమతించినది వికిరణ శుద్ధి షరతు మీదనే.

మిత్ర పురుగులూ ఒక సరకే

ఈ పద్ధతికి ప్రధాన లోటు సమయానికి మిత్ర పురుగులు, మంచి శిలీంధ్రపు పొడి దొరకకపోవడం. పాత స్టాకు పొడిలో ప్రాణం ఉండదు; ఎండలో ఉంచిన దుకాణంలో నెలల తరబడి పడి ఉన్న ప్యాకెట్టు కొని పనిచేయలేదని పద్ధతిని నిందించిన సందర్భాలు ఉంటాయి. తయారీ తేదీ, గడువు తేదీ, నిలవ చేసిన చోటు చూడకుండా కొనరాదు.

శిక్షణకు ఈ ప్రాంతం వారు దూరం పోనవసరం లేదు. 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థగా మొదలై, 2008లో పేరు మారిన జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. మిత్ర పురుగులను, మిత్ర శిలీంధ్రాలను ఊరిలోనే తయారు చేసుకొనే విధానం అక్కడ నేర్పుతారు. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద సాగితే ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. జీడిమెట్లలో ఉద్యాన శాఖ కేంద్రం ఉన్నది. నాలుగైదు తోటల రైతులు, ఒక వర్తకుడు కలిసి గుమ్మడికాయల మీద అక్షింతల పురుగులు పెంచే చిన్న గది ఏర్పాటు చేసుకొంటే, పురుగు కోసం బెంగుళూరు వైపు చూడవలసిన పని ఉండదు. ఎరువులు, మందులు అమ్మే దుకాణాలకు కూడ ఇది కొత్త వ్యాపారం.

కాపు జూన్‌లో మొదలవుతుంది గనుక చీమ పట్టీలు, బోరిక్ ఎరలు మే నెలాఖరుకు పూర్తి కావాలి. అక్షింతల పురుగులకు ఏప్రిల్‌లోనే చెప్పి ఉంచాలి. ఈగ సీసాలు మొదటి మొగ్గ కనబడగానే వేలాడదీయాలి. ఈ మూడు తేదీలూ తోటదారు దినచర్యలోనే కాక, బయానా ఇచ్చిన వర్తకుని పద్దు పుస్తకంలో కూడ ఉండవలసినవి.